మొగలి పరిమళం సబ్బులో, కొవ్వొత్తిలో, క్రీములో: ఏ నూనె, ఎంత, ఎప్పుడు కలపాలి?

బరంపురంలో ఉండే మనకు సువాసనకు కరువు లేదు. వానలు పడితే చాలు, ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు పొలం గట్ల మీద మొగలి పొదలు పూతకొస్తాయి. పొద్దున్నే కోసిన పూలు రాగి డేగుల్లోకి, అంటే పూలను ఉడికించి ఆవిరి పట్టే పాత్రల్లోకి, వెళ్లి అత్తరుగా, రూహ్‌గా, కేవడా (మొగలికి హిందీ పేరు) నీరుగా బయటికొస్తాయి. దేశంలో వాడే కేవడాలో చాలా భాగం ఈ గంజాం జిల్లాదే. గంజాం కేవడా పువ్వుకూ, రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శివపూజకు పనికిరాదని పెద్దలు పక్కన పెట్టిన పువ్వు, ఇంటి సబ్బుకు మాత్రం అందరికంటే ముందు గుర్తొస్తుంది.

గుర్తు రావడం బాగానే ఉంది. చిక్కల్లా ఒకే సీసా తెచ్చి సబ్బులో, కొవ్వొత్తిలో, ఒంటి క్రీములో ఒకే లెక్కన పోసేయడంతోనే వస్తుంది. సబ్బు నురగను రెండు నిమిషాల్లో కడిగేసుకుంటాం. క్రీము రాత్రంతా చర్మం మీదే ఉంటుంది. కొవ్వొత్తి చర్మాన్ని తాకనే తాకదు, కాలి గాలిలో కలుస్తుంది. కాబట్టి మూడింటికీ మోతాదు వేరు, కలిపే వేడి వేరు, కొన్నిసార్లు నూనే వేరు. ఇక్కడ మొగలిని ఉదాహరణగా తీసుకున్నాను. మల్లె, గులాబీ, గంధం ఏది వాడినా పద్ధతి ఇదే.

ముందు సీసాలో ఏముందో తెలుసుకోండి

"కేవడా" అని అడిగితే బజారులో కనీసం అయిదు రకాలు చేతికిస్తారు.

మొదటిది కేవడా నీరు. బిర్యానీలో, మిఠాయిల్లో వేసేది. ఇది నీరే కాబట్టి మైనంలో కలవదు, వేడి మైనంలో పోస్తే చిటపటలాడి మీద పడుతుంది. రెండోది రూహ్, అంటే అసలైన పూల నూనె. కిలో ధర లక్షల్లో ఉంటుంది. దీన్ని సబ్బులో పోయడం డబ్బును మోరీలో పోయడమే. ఒంటికి రాసుకునే నూనెలో రెండు మూడు చుక్కలు వేసుకోవాలంటే అది వేరే సంగతి.

మూడోది అత్తరు. పూల ఆవిరిని ఒక ఆధార నూనెలోకి పట్టి చేస్తారు. ఒకప్పుడు ఆ ఆధారం గంధపు నూనె. ఇప్పుడు చౌక రకాల్లో లిక్విడ్ పారఫిన్ ఎక్కువ. లిక్విడ్ పారఫిన్ కాస్టిక్ సోడాతో కలిసి సబ్బుగా మారదు, జిడ్డుగా మిగిలిపోతుంది. కొవ్వొత్తిలో పోస్తే మైనం మెత్తబడుతుంది తప్ప వాసన పెరగదు. కాబట్టి చౌక అత్తరు ఈ పనులకు అనవసరం.

నాలుగోది ఫ్రేగ్రెన్స్ ఆయిల్. సువాసన రసాయనాలనూ, కొన్ని సహజ నూనెలనూ కలిపి సబ్బు, కొవ్వొత్తి, కాస్మెటిక్స్ కోసమే తయారుచేసేది. మనకు కావలసింది ఇదే. "కెమికల్" అనగానే మొహం తిప్పుకునేవాళ్లకు ఒక మాట. మొగలి పువ్వు వాసనలో పెద్ద భాగం ఫెనైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థానిది. పువ్వులో ఉన్నా ఫ్యాక్టరీలో చేసినా అది అదే. సహజమైతే చర్మానికి మంచిది, కృత్రిమమైతే చెడ్డది అనే లెక్క ఇక్కడ కుదరదు. లవంగ నూనె, దాల్చినచెక్క నూనె పూర్తిగా సహజమే, అయినా మోతాదు మించితే చర్మం భగ్గుమంటుంది.

అయిదోది అగరబత్తి కాంపౌండ్. మన వైపు అన్నిటికంటే సులువుగా, చౌకగా దొరికేది ఇదే. ఊదబత్తి పుల్లలు ముంచడానికి చేసింది. డైఇథైల్ థాలేట్ లాంటి ద్రావకాలతో పలచన చేసి అమ్ముతుంటారు, చర్మానికి పనికొస్తుందో లేదో ఎవరూ పరీక్షించి ఉండరు. సబ్బులోకి, క్రీములోకి దీన్ని రానివ్వకండి. షాపులో "సబ్ మే చలేగా" అని భరోసా ఇస్తారు. ఆ భరోసాకు కాగితం ఉందా అని అడగండి.

ఆ కాగితం ఏమిటంటే

పరిమళ ద్రవ్యాల తయారీదారులకు 1973 నుంచి ఇఫ్రా అనే అంతర్జాతీయ సంఘం ఉంది. ఏ పదార్థాన్ని ఎలాంటి వస్తువులో గరిష్ఠంగా ఎంత వాడొచ్చో అది ప్రమాణాలు పెడుతుంది. మంచి సరఫరాదారు ప్రతి ఫ్రేగ్రెన్స్ ఆయిల్‌కూ ఇఫ్రా సర్టిఫికెట్ ఇస్తాడు. అందులో కేటగిరీల పట్టిక ఉంటుంది. మనకు వాటిలో కొన్ని చాలు. పెదవులకు రాసేవి కేటగిరీ 1. ఒంటి లోషన్లు 5ఏ, ముఖానికి రాసేవి 5బి, చేతి క్రీములు 5సి. కడిగేసుకునే సబ్బు, షాంపూలు 9. కొవ్వొత్తుల్లాంటివి 12.

ప్రతి కేటగిరీ పక్కన ఒక శాతం రాసి ఉంటుంది. అది దాటకూడని గీత. అంత వెయ్యమని సలహా కాదు. ఉదాహరణకు 9 పక్కన 8 శాతం అని ఉన్నా, సబ్బులో 2, 3 శాతం దగ్గరే ఆగిపోతాం. అదే 5బి పక్కన 0.3 అని ఉంటే మాత్రం ఆ నూనెను ముఖం క్రీములో అంతకు మించి ఒక్క చుక్క కూడా వేయకూడదు. 1 పక్కన సున్నా ఉంటే పెదవుల దగ్గరికి తీసుకెళ్లొద్దు.

సర్టిఫికెట్‌తో పాటు సేఫ్టీ డేటా షీట్ కూడా అడగండి. అందులో ఫ్లాష్ పాయింట్ చూడాలి, కొవ్వొత్తుల దగ్గర దాని పని చెబుతాను. వెనిలా వాసననిచ్చే వెనిలిన్ ఎంత శాతం ఉందో కూడా కనుక్కోండి. వెనిలిన్ ఉన్న నూనె సబ్బును రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగుకు, ఒక్కోసారి కాఫీ రంగుకు తిప్పుతుంది. పాలరంగు సబ్బు చేద్దామని వెనిలా కలిసిన గంధం నూనె పోస్తే నెల తర్వాత బెల్లం అచ్చులు చూస్తారు.

తూకం, సామాను

చుక్కల లెక్క మానేయండి. ఒక డ్రాపర్ చుక్క ఇంకో డ్రాపర్ చుక్కంత ఉండదు. ఒక మిల్లీలీటరు నూనె ఒక గ్రాము ఉంటుందనీ లేదు. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనండి, 0.01 గ్రాము వరకు చూపించేది. సబ్బు నూనెలకు వంటింటి కాటా చాలు.

లెక్క సులువే. 500 గ్రాముల మైనానికి 6 శాతం అంటే 30 గ్రాములు. 500 గ్రాముల సోప్ బేస్‌కు, అంటే కరిగించి పోసుకునే తయారు సబ్బుకు, 2 శాతం అంటే 10 గ్రాములు. 200 గ్రాముల క్రీముకు అర శాతం అంటే 1 గ్రాము. మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

తూచడానికి గాజు లేదా స్టీలు గిన్నె తీసుకోండి. పలచని ప్లాస్టిక్ కప్పులను, థర్మాకోల్‌ను ఫ్రేగ్రెన్స్ ఆయిల్ తినేస్తుంది. రబ్బరు తల ఉన్న డ్రాపర్‌ను సీసాకు మూతగా వదిలేస్తే రబ్బరు ఉబ్బి జిగటగా మారుతుంది. సీసాను ముదురు రంగు గాజుదిగా చూసుకుని, ఎండ తగలని అల్మరాలో పెట్టండి. మే నెలలో డాబా కింద గది కూడా కుంపటే కాబట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూలను ఎంచుకోండి.

మిశ్రమం

ఒంటరి మొగలి చాలామందికి ఘాటుగా తోస్తుంది. పైగా దాని వాసన ముందే గుప్పుమని త్వరగా తగ్గిపోతుంది. నిలవాలంటే అడుగున బరువైన వాసన ఒకటి ఉండాలి. గంధం, వట్టివేరు ఆ పని చేస్తాయి. తూకంలో మొగలి 1 వంతు, గులాబీ 3 వంతులు, గంధం 2 వంతులతో మొదలుపెట్టండి. ప్రయోగానికి పది గ్రాములకు మించి కలపకండి. మూత పెట్టి వారం పాటు వదిలేస్తే వాసనలు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. తర్వాత వడపోత కాగితం ముక్కను అందులో ముంచి, అప్పుడు ఒకసారి, అయిదారు గంటల తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి వాసన చూడండి. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి కొనేవాళ్లు మొదటి వాసననే కొంటున్నారు.

మిశ్రమం చేస్తే, అందులోని ప్రతి నూనె సర్టిఫికెట్‌నూ చూసి, అన్నిటికంటే కఠినమైన పరిమితినే మొత్తానికి వర్తింపజేయండి. కచ్చితమైన లెక్క వేరే ఉంది గానీ, ఇంటికి ఈ జాగ్రత్త చాలు.

సులువైన సబ్బు: కరిగించి పోసేది

మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి. గ్లిజరిన్ సోప్ బేస్ 500 గ్రాములు ముక్కలుగా కోసి, వేడి నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. మరగనివ్వొద్దు, 70 డిగ్రీలు దాటితే బేస్ పాడవుతుంది. కరిగాక పొయ్యి మీద నుంచి దించి 55 నుంచి 60 డిగ్రీలకు రానివ్వండి. అప్పుడు 5 నుంచి 10 గ్రాముల ఫ్రేగ్రెన్స్ ఆయిల్ పోసి మెల్లగా కలపండి. జోరుగా గిలక్కొడితే బుడగలు వస్తాయి. అచ్చుల్లో పోశాక పైన నురగ తేలితే రబ్బింగ్ ఆల్కహాల్‌ను ఒక్కసారి స్ప్రే చేయండి, మాయమవుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు.

నూనె ఎక్కువైతే ఈ సబ్బు ఒప్పుకోదు. పైన జిడ్డు తేలుతుంది, నురగ తగ్గుతుంది.

మన తీరంలో ఇంకో తిప్పలుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది. గోపాల్‌పూర్ గాలి తగిలే ఇళ్లలో, ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా, విప్పి పెట్టిన సబ్బు పూటలోనే చెమటలు పోస్తుంది. చేత్తో పట్టుకుంటే జారుతుంది, వాసన కూడా పలచబడినట్టు అనిపిస్తుంది. అచ్చు నుంచి తీసిన గంటలోపే ప్లాస్టిక్ రేపర్‌తో బిగుతుగా చుట్టేయండి. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరిస్తే చెమట ఇంకా ఎక్కువవుతుంది. రాయగడ, కోరాపుట్ వైపు మెరక ప్రాంతాల వాళ్లకు చలికాలంలో ఈ బాధ అంతగా ఉండదు.

కాస్టిక్ సోడాతో చేసే సబ్బు

ఇదివరకు ఈ పద్ధతిలో వాసన లేని సబ్బు కొన్నిసార్లు చేసి ఉంటేనే ఇందులోకి దిగండి. ఎందుకంటే పూల వాసనల నూనెలకు ఒక దుర్గుణం ఉంది. నూనె, కాస్టిక్ కలిసిన ద్రవం మామూలుగా మజ్జిగలా ఉండి నెమ్మదిగా చిక్కబడుతుంది. పూల ఫ్రేగ్రెన్స్, లవంగం లాంటివి పడగానే అది ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు, లేదా నూక గింజల్లా విరిగిపోవచ్చు. కంగారులో చేతిమీద పోసుకోవడం, అచ్చు నిండకముందే గట్టిపడడం అన్నీ అప్పుడే జరుగుతాయి. మొగలి, మల్లె, గులాబీ మూడిటినీ అనుమానంగానే చూడండి.

500 గ్రాముల నూనెలకు ఒక కొలత ఇస్తున్నాను: కొబ్బరినూనె 150, పామాయిల్ 175, వేరుశనగ నూనె 150, ఆముదం 25 గ్రాములు. కాస్టిక్ సోడా 72 గ్రాములు, నీళ్లు 165 గ్రాములు. ఇందులో అయిదు శాతం నూనె సబ్బుగా మారకుండా చర్మం కోసం మిగులుతుంది. నూనెల్లో ఏ ఒక్కటి మార్చినా కాస్టిక్ లెక్క మారుతుంది, అందాజుగా వేయకండి. ఫ్రేగ్రెన్స్ ఆయిల్, నూనెల బరువులో 3 శాతం చొప్పున 15 గ్రాములు. ఇఫ్రా కేటగిరీ 9 అంతకు ఒప్పుకుంటేనే.

1. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా. పిల్లలు వేరే గదిలో. కిటికీలు తెరిచి ఉండాలి.

2. స్టీలు గిన్నె లేదా గట్టి పాలీప్రొపిలీన్ జగ్గు తీసుకోండి. సత్తు గిన్నె, అంటే మనం సిల్వర్ గిన్నె అనే అల్యూమినియం గిన్నె, దగ్గరికే రానివ్వకండి. కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. మన వంటిళ్లలో సగం గిన్నెలు అవే కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

3. నీళ్లలో కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయండి. కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. పొగ పీల్చకండి. చల్లారనివ్వండి.

4. ఫ్రేగ్రెన్స్ ఆయిల్‌ను, తూచి పెట్టుకున్న నూనెల్లోంచే రెండు గరిటెలు తీసి అందులో ముందే కలిపి ఉంచండి. నేరుగా పోయడం కంటే ఇలా కలిపితే బిగుసుకుపోయే ప్రమాదం తగ్గుతుంది.

5. నూనెలు, కాస్టిక్ నీళ్లు రెండూ 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కలపండి. వేడి ఎంత ఎక్కువైతే గట్టిపడడం అంత తొందర. వేసవిలో గదే 38 డిగ్రీలుంటుంది కనుక తెల్లవారుజామున పని పెట్టుకోండి.

6. బ్లెండర్‌తో కొద్ది సెకన్లు తిప్పి ఆపి, మళ్లీ తిప్పండి. నూనె గీతలు కనబడకుండా కలిసిపోయి, ఇంకా పలచగా ఉన్నప్పుడే ఆపేయండి. ఇక్కడి నుంచి బ్లెండర్ ముట్టుకోవద్దు.

7. ఇప్పుడు సువాసన మిశ్రమం పోసి, విస్కుతో చేత్తోనే కలిపి, వెంటనే అచ్చులో పోయండి. రంగులూ డిజైన్లూ ఇంకోసారి, వేరే నూనెతో.

ఒకవేళ గిన్నెలోనే బిగుసుకుపోతే పారేయనక్కర్లేదు. గిన్నెలో గిన్నె పెట్టి సన్నని సెగ మీద వేడి చేస్తే మెత్తని ముద్దలా, పారదర్శకంగా మారుతుంది. దాన్ని గరిటెతో అచ్చులోకి అదిమేయండి. అందం తగ్గుతుంది, సబ్బు మాత్రం సబ్బే. చర్మం మీద కాస్టిక్ పడితే కుళాయి కింద పెట్టి చాలాసేపు నీళ్లతో కడగండి. వెనిగర్ రాయమని కొందరంటారు, రాయకండి.

ఒకటి రెండు రోజులకు కోసి, గాలి తగిలేలా దూరదూరంగా పేర్చి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆరేలోపు వాసన కొంత తగ్గుతుంది, అది మామూలే. తగ్గుతుంది కదా అని ముందే రెట్టింపు పోయకండి.

కొవ్వొత్తులు

దీపావళికీ, కార్తీక మాసానికీ ఇళ్లలో ఎక్కువ చేసేది ఇవే. చర్మం గొడవ లేదు కాబట్టి సులువనుకుంటారు. నా దృష్టిలో మూడింటిలో ఎక్కువ జాగ్రత్త కావలసింది దీనికే, ఎందుకంటే ఇది ఇంట్లో మంట.

మైనం ఎంపిక ముందు. సోయా మైనం సుమారు 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఎండాకాలంలో మెత్తబడి నూనె కక్కుతుంది. మామూలు పారఫిన్ 58, 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేసవిని కాస్త తట్టుకుంటుంది. కొంచెం స్టియరిక్ యాసిడ్ కలిపితే ఇంకా గట్టిపడుతుంది. సోయా వాడాలనుంటే గాజు పాత్రలోనే పోయండి, విడి స్తంభాల్లా నిలబెట్టకండి.

సువాసన 6 శాతంతో మొదలుపెట్టండి. మైనం అమ్మినవాళ్లు అది ఎంత నూనె పట్టుకోగలదో చెబుతారు. సాధారణంగా 10 శాతం దాటదు. దాటితే నూనె మైనంలో ఇమడక పైన చెమటలా పడుతుంది, వత్తిని మూసేస్తుంది, మసి వస్తుంది. ఒక్కోసారి పైన తేలిన నూనెకే మంట అంటుకుంటుంది. వాసన చాలడం లేదంటే నూనె పెంచేముందు వత్తిని మార్చి చూడండి. వత్తి సన్నగా ఉంటే మైనం చాలినంత కరగదు, కరగకపోతే వాసన లేవదు.

మైనాన్ని కూడా గిన్నెలో గిన్నె పెట్టే కరిగించాలి. నేరుగా గ్యాస్ మీద పెడితే పొగలు కక్కి భగ్గుమనొచ్చు. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత వేసి పొయ్యి ఆపాలి. 80 నుంచి 85 డిగ్రీల దగ్గర పొయ్యి పూర్తిగా ఆపేసి, గిన్నె దించి, పొయ్యికి దూరంగా తీసుకెళ్లి ఫ్రేగ్రెన్స్ ఆయిల్ పోయండి. రెండు నిమిషాలు ఆపకుండా, మెల్లగా, అడుగు నుంచి కలపండి. ఈ రెండు నిమిషాలను చాలామంది పది సెకన్లలో ముగిస్తారు. తర్వాత నూనె అడుగున చేరి, కొవ్వొత్తి చివర్లో మాత్రం వాసన వస్తోందని వాపోతారు.

ఫ్లాష్ పాయింట్ సంగతి ఇక్కడే. ఆ వేడికి చేరిన నూనె ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుందని దాని అర్థం. ఆ వేడికి వాసన ఎగిరిపోతుందని కాదు. మీ నూనె ఫ్లాష్ పాయింట్ 65 అయినా, మంట లేని చోట 80 డిగ్రీల మైనంలో కలపొచ్చు. మంట పక్కన మాత్రం కలపకూడదు. ఇంత తేడా తెలియక కొందరు చల్లారిన మైనంలో పోసి, నూనె విడిపోయిందని తల పట్టుకుంటారు.

సోయా అయితే 55, 60 డిగ్రీలకు చల్లార్చి గాజులో పోయండి. పారఫిన్ కాస్త వేడిగానే పోయాలి. గాజు మందంగా, వేడిని తట్టుకునేదిగా ఉండాలి. నీళ్లు తాగే పలచని గ్లాసు పగులుతుంది. మట్టి ప్రమిదలంటే అందరికీ ముచ్చటే, కానీ పూత లేని మట్టి మైనాన్నీ నూనెనూ పీల్చుకుంటుంది. కింద బల్ల తడుస్తుంది, చివరికి ప్రమిదే వత్తిలా అంటుకునే ప్రమాదం ఉంది. గ్లేజు పూత ఉన్న ప్రమిదలే కొనండి. నువ్వుల నూనె దీపానికి మాత్రం మామూలు ప్రమిదే బాగుంటుంది.

చేసిన రోజే వెలిగించి తీర్పు చెప్పకండి. పారఫిన్‌కు రెండు మూడు రోజులు, సోయాకు ఒకటి రెండు వారాలు మూత పెట్టి ఉంచాలి. తర్వాత వత్తిని అర సెంటీమీటరుకు కత్తిరించి, ఫ్యాన్ ఆపి వెలిగించండి. ఫ్యాన్ కింద ఏ కొవ్వొత్తయినా మసే పడుతుంది. 7 సెంటీమీటర్ల వెడల్పు గాజు అయితే సుమారు మూడు గంటల్లో కరిగిన మైనం అంచులను చేరాలి. చేరకపోతే వత్తి లావు పెంచండి. కరిగిన మైనం ఒకటిన్నర సెంటీమీటరు కంటే లోతుగా ఉన్నా, మంట పొడుగ్గా ఎగురుతున్నా, గాజు పట్టుకోలేనంత కాలుతున్నా వత్తి తగ్గించాలి. ఒకేసారి నాలుగు గంటలకు మించి కాల్చకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు పడుకునే గదిలో సువాసన కొవ్వొత్తి వద్దు.

మొగలి వాసన తేలిక కాబట్టి వేడికి మొదట ఎగిరిపోయేది అదే. కొవ్వొత్తి మిశ్రమంలో గంధం లేదా వట్టివేరు వంతు కొంచెం పెంచితే చివరిదాకా గది నిండుగా ఉంటుంది.

ఒంటికి రాసుకునేవి

ఇక్కడ పిసినారితనం మంచిది. ఒంటి నూనెలో, లోషన్‌లో అర శాతంతో మొదలుపెట్టి 1 శాతం దగ్గర ఆగండి. ముఖానికైతే అసలు వాసనే వద్దంటాను. వెయ్యక తప్పదనుకుంటే 0.2, 0.3 శాతం, అదీ 5బి పరిమితి చూసుకుని. పసిపిల్లల నూనెలో వాసన వేయకండి. నలుగు పెట్టడానికి ఉత్త నువ్వుల నూనె చాలు.

ఒంటి నూనె అన్నిటికంటే తేలిక: 100 గ్రాముల నువ్వుల నూనె లేదా కొబ్బరినూనెలో అర గ్రాము ఫ్రేగ్రెన్స్ ఆయిల్ వేసి, కలిపి, మూత పెట్టడమే. క్రీము, లోషన్ అయితే వాసన లేని బేస్ కొనుక్కుని అందులో కలపడం ఉత్తమం. నూనె, నీళ్లు కలిపి మీరే క్రీము (ఎమల్షన్) చేసేవాళ్లయితే, మిశ్రమం 40 డిగ్రీల కిందికి చల్లారాక, ప్రిజర్వేటివ్ వేసే సమయంలోనే సువాసన కూడా వేయండి. అంతకు ముందు వేస్తే వేడికి కొంత పోతుంది. ఒక్కోసారి ఫ్రేగ్రెన్స్ వల్ల క్రీము పలచబడుతుంది కూడా, అందుకే ముందు 20 గ్రాములు చేసి మూడు రోజులు చూడండి. సువాసన ఉంది కదా అని ప్రిజర్వేటివ్ మానేయకూడదు. నీళ్లున్న ఏ క్రీమైనా బూజు పడుతుంది, వాసన అది కప్పిపుచ్చుతుంది తప్ప ఆపదు.

నూనె నీళ్లలో కలవదు కాబట్టి బాడీ మిస్ట్ చేయాలంటే పాలీసార్బేట్ 20 లాంటిది కావాలి, ప్రిజర్వేటివ్ కావాలి. మంచి కేవడా నీరు దొరికే ఊళ్లో అంత తంటా ఎందుకో నాకు అర్థం కాదు. లిప్ బామ్‌కు ఫ్రేగ్రెన్స్ ఆయిల్ వాడొద్దు. పెదవుల కోసమే చేసిన ఫ్లేవర్ నూనెలు దొరుకుతాయి. నిమ్మ, బెర్గమోట్ తొక్కల నుంచి పిండి తీసిన నూనెలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడొచ్చు, కాబట్టి ఒంటి నూనెల్లో వాటిని మానేయడమే నయం.

ఎవరికిచ్చినా ముందు పరీక్ష చేయండి. మోచేతి లోపలివైపు కొంచెం రాసి, 48 గంటలు చూడాలి. దురద, ఎరుపు, దద్దుర్లు వస్తే కడిగేసి ఆ నూనె మానేయండి. లినలూల్, జెరానియోల్, సిట్రాల్, యూజినాల్ లాంటి వాసన పదార్థాలు కొందరికి పడవు. సహజ నూనెల్లో కూడా ఇవి ఉంటాయి, కాబట్టి సీసా మీద "నేచురల్" అని చూసి పరీక్ష మానేయకండి.

ఇంటికి మించి చేస్తే

పెళ్లి రిటర్న్ గిఫ్టులకంటూ ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా ఆర్డర్లు వస్తుంటాయి. సొంత వాడకానికి లైసెన్స్ అక్కర్లేదు. డబ్బు తీసుకుని అమ్మితే మాత్రం సబ్బులూ క్రీములూ 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కిందికి వస్తాయి. తయారీ చోటు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి లైసెన్సింగ్ అధికారి దగ్గర తయారీ లైసెన్స్ తీసుకోవాలి. బరంపురంలో చేసి ఇచ్ఛాపురంలో అమ్మినా ఒడిశాదే కావాలి. కొవ్వొత్తులకు ఈ కాస్మెటిక్ లైసెన్స్ గొడవ లేదు, అందుకే చిన్నగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు వాటితోనే దిగుతారు.

అమ్మినా ఊరికే ఇచ్చినా ప్రతి బ్యాచ్‌కూ ఒక చీటీ రాసి పెట్టుకోండి: తేదీ, మైనం లేదా బేస్ పేరు, ఫ్రేగ్రెన్స్ పేరు, సరఫరాదారు ఇచ్చిన బ్యాచ్ నంబరు, ఎన్ని గ్రాములు, ఎన్ని డిగ్రీల దగ్గర కలిపారు. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా "ఆ మొగలి సబ్బు రాసుకుంటే దద్దుర్లు వచ్చాయండీ" అని ఫోన్ చేస్తే, ఏ సీసా పక్కన పెట్టాలో ఆ చీటీ చూస్తేనే తెలుస్తుంది.